నవ్వులాటకు అన్న మాట



ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత చెట్టునీడను నలుగురు నిలువబడి మాటలాడుకొనుచుండగా, ఎవరో ఒకరు తోటివానిని గూర్చి ఒక మాట విసరుదురు. అందరును నవ్వుదురు. మాట పడినవాడు మాత్రము నవ్వలేక నవ్వుచు తల వంచుకొనును. వాని ముఖము చిన్నబోవుట చూచి, అన్నవాడు వెంటనే, "జోకు వేసితినయ్యా, ఆ మాత్రమునకే మనస్సున పెట్టుకొందువా?" అని తప్పించుకొనును. ఈ దృశ్యము మీరు చూడనిది కాదు. బహుశః మనమందరమును ఒకప్పుడు అన్నవారి పక్షమునను, మరియొకప్పుడు పడినవారి పక్షమునను నిలిచినవారమే.

ఈ జోకు అను మాట ఇప్పుడు మన పల్లెలలో అక్షరము రానివారి నోటను కూడ ఆడుచున్నది. అది ఇంగ్లీషువారినుండి మనకు వచ్చెను. ఇంగ్లీషువారు దానిని 17వ శతాబ్దములో లాటిను భాషనుండి తెచ్చుకొనిరి. లాటినులో దాని రూపము యోకుస్. తెలంగాణలోని చదువరులు, "జోకుట అనగా త్రాసులో తూచుట గదా" అని అడుగుదురేమో. ఆ జోకు వేరు, ఈ జోకు వేరు. రెంటికిని ధ్వని యొకటే గాని చుట్టరికము లేదు. యోకుస్ నడచి వచ్చిన దారిని మీతోకూడ కొంచెము నడువగోరుచున్నాను. ఆ దారిలో మన విశ్వాసపు పెద్దలు అనేకులు ఎదురగుదురు. వారిలో ఒకడు, తన స్నేహితుని మంచముయొద్ద ఒక మాట నవ్వులాటకు అని, దానిని మరల సరిదిద్దుకొనుటకు తరుణము లేకపోయినవాడు. అతని సంగతి చివరకు చెప్పెదను.

లాటిను భాషలో వేడుకకు రెండు మాటలున్నవి. చేతులతోను కాళ్లతోను ఆడునది లూదుస్, నోటితో ఆడునది యోకుస్. రోమీయులు చిన్నపిల్లల బడిని సహా లూదుస్ అనియే పిలిచిరి; కత్తిసాము నేర్పు శాలకును అదే పేరు. (పలక చంకను పెట్టుకొని ఏడ్చుచు పోవు పిల్లవాడు బడికి ఆట అను పేరును ఒప్పుకొనునో లేదో!) యోకుస్ మాత్రము మాటలలో పుట్టి మాటలలోనే నిలుచునది. తరువాతి కాలములో ఈ భేదము చెరిగిపోయి, ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను దేశములవారు యోకుస్‌నుండి వచ్చిన మాటను ఆటకే వాడుకొనిరి.

ఈ యోకుస్‌ను గూర్చి శ్రద్ధగా వ్రాసినవారిలో సిసెరో ముఖ్యుడు. అతడు రోములో గొప్ప వక్త, క్రీ.పూ. 63లో రాజ్యాధికారము వహించినవాడు. క్రీ.పూ. 44లో, ఏథెన్సులో చదువుకొనుచున్న తన కుమారునికి మనుష్యుని విధులను గూర్చి యొక గ్రంథము వ్రాసి పంపెను. అందులో హాస్యమును నిద్రతో పోల్చెను. పని ముగించినవానికి నిద్ర ఎట్టిదో, గంభీరమైన కార్యములు తీర్చుకొనినవానికి హాస్యము అట్టిది. అది విశ్రాంతియే గాని వృత్తి కాదని అతని భావము. మరియు హాస్యము రెండు విధములనియు, ఒకటి నీచమై, పొగరుతోను బూతుతోను కూడినదనియు, రెండవది మర్యాదయు చమత్కారమును గలదనియు, మొదటిది స్వతంత్రుడైన మనుష్యునికి తగదనియు చెప్పెను.

కుమారునికి ఇంత చక్కగా చెప్పిన ఆ తండ్రి తన నాలుకను మాత్రము కట్టుకొనలేకపోయెను. న్యాయస్థానములో నిష్ఠాపరుడైన కేటోను నవ్వులపాలు చేయగా, కేటో చిరునవ్వుతో, మనకెంత నవ్వించు అధికారి దొరికెనని ప్రక్కవారితో అనెనట. సిసెరో విరోధులు అతనికి పెట్టిన పేరు అంతకంటె కటువైనది. వారు అతనిని అధికారపీఠమెక్కిన స్కుర్రా అనిరి.

ఈ స్కుర్రా యెవడో తెలిసికొనవలెను, ఏలయనగా ఇతడు పరిశుద్ధ గ్రంథములోనికి కూడ వచ్చును. రోము పట్టణములో ధనవంతుని పంక్తిలో ఉచితముగా భోజనము చేసి, ఆ కూటికి వెలగా నవ్వు పుట్టించువాడు స్కుర్రా. అతనికి సొంత పొయ్యి లేదు, సొంత మాట లేదు. యజమానుడు ఎవనిని చూచి నవ్వగోరునో వానిని చూపించి నవ్వించును. బట్టతలవాడు గాని, నత్తివాడు గాని, నిన్నటి దాసుడై నేడు విడుదల పొందినవాడు గాని, ఎదుట ఎవడుండిన వాడే ఆ పూట వంటకము. తిన్నది స్కుర్రా, వెల చెల్లించినది మరియొకడు. యోకుస్ ఎచ్చట చెడునో ఇచ్చటనే కనబడుచున్నదని నాకు తోచుచున్నది. నవ్వు మంచిదా చెడ్డదా అని అడుగుటకంటె, ఈ నవ్వుకు వెల యెవరు చెల్లించుచున్నారు అని అడుగుట మేలు.

ఒక్కొక్కసారి వెల చెల్లింపవలసినవాడు అన్నవాడే యగును. క్రీ.పూ. 43లో ఆక్టేవియను అను పందొమ్మిదేండ్ల యౌవనుడు రోములో తలయెత్తుచుండెను. సిసెరో అతనిని గూర్చి, ఈ పిల్లవానిని పొగడవలెను, ఘనపరచవలెను, ఎత్తవలెను అను భావముగల మాటయొకటి అనెను. ఆ చివరి మాటకు లాటినులో రెండర్థములు. పైకెత్తుట ఒకటి, లేకుండ ఎత్తివేయుట మరియొకటి. మన తెలుగులో కూడ ఆ శ్లేష ఇంచుమించుగా నిలుచును. విన్నవారు నవ్విరి. కాని ఆ మాట ఆక్టేవియను చెవిని పడెను. తాను ఎత్తివేయబడుటకు చోటియ్యనని అతడు చెప్పినట్లు ఆ సంవత్సరము మే మాసములోనే ఒక స్నేహితుడు సిసెరోకు వ్రాసి హెచ్చరించెను. ఆ యేటి డిసెంబరు 7వ తేదీన సైనికులు సిసెరోను పట్టుకొని చంపిరి. అతనిని చంపవలెనని పట్టుపట్టినవాడు ఆంటోనీ. అందుకు కారణములు అనేకము. అయినను మరణపట్టికలో ఆ పేరు చేర్చుటకు ఆక్టేవియను తుదకు సమ్మతించెను. ఈ ఆక్టేవియను ఎవరని యనుకొందురు? లూకా సువార్త రెండవ అధ్యాయములో లోకమంతటికిని ప్రజాసంఖ్య వ్రాయవలెనని ఆజ్ఞ ఇచ్చిన కైసరు ఔగుస్తు ఇతడే.

ఇప్పుడు గ్రంథములోనికి వత్తము. ఆదికాండము 26వ అధ్యాయములో ఇస్సాకు భయపడి రిబ్కాను తన సహోదరి యని చెప్పుకొనెను. రాజైన అబీమెలెకు కిటికీలోనుండి చూడగా ఇస్సాకు ఆమెతో సరసమాడుచుండెను. దానినిబట్టి ఆమె భార్యయని రాజు గ్రహించెను. హెబ్రీలో ఇచ్చట ఉన్న క్రియయు ఇస్సాకు అను పేరును ఒకే ధాతువునుండి పుట్టినవి. ఆ ధాతువునకు నవ్వుట యని అర్థము. భక్తుడైన జెరోము హెబ్రీనుండి లాటినులోనికి భాషాంతరము చేయునప్పుడు, ఇచ్చట యోకుస్‌నుండి పుట్టిన క్రియను పెట్టెను. లోతు అల్లుండ్రకు ఎగతాళి చేయువానివలె కనబడెనన్న చోటను, ఇష్మాయేలు పరిహసించెనన్న చోటను ఉన్న హెబ్రీ ధాతువు అదియే. అయినను అచ్చట అతడు లూదుస్‌కు సంబంధించిన మాటను వాడెను. భార్యాభర్తల మధ్యనున్న చిన్న నవ్వుకు మాత్రము యోకుస్ అనెను. ఆ నవ్వుకు వెల చెల్లించినవారెవరును లేరు. అంతేగాక దాచిన సత్యమును అది బయటపెట్టెను. ఇస్సాకు నోరు అబద్ధమాడెను, ఇస్సాకు నవ్వు నిజము చెప్పెను!

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయము 4వ వచనములో మరియొక తీరు. అచ్చట అపొస్తలుడు క్రైస్తవులకు తగని మాటలను లెక్కించుచు, మన తెలుగు గ్రంథములో సరసోక్తులు అని యున్న దానిని కూడ చేర్చెను. ఆదికాండములో తప్పులేని సరసము ఇచ్చట తగనిదెట్లాయెనని మీరు ఆశ్చర్యపడవచ్చును. తెలుగులో ఒకటిగా నున్నది లాటిను గ్రంథములో రెండుగా విడిపోయినది. ఎఫెసీయుల పత్రికలో అది యోకుస్ అనదు, స్కుర్రిలితాస్ అనును. అనగా స్కుర్రా చేయు పని. పౌలు వ్రాసిన గ్రీకు మాటకు సుళువుగా తిరుగగలుగుట యని మూలార్థము. అరిస్టాటిలు దానిని సద్గుణములలో లెక్కించెను. పౌలు దానిని తగనివాటిలో చేర్చెను. మాట ఎటైనను తిరుగగలిగిన నాలుక, ఎవరిమీదికైనను తిరుగును గదా.

జెరోము క్రీ.శ. 386 ప్రాంతమున బేత్లెహేములో ఈ పత్రికకు వ్యాఖ్యానము వ్రాయుచు ఒక లోతైన సంగతి చెప్పెను. పోకిరిమాటలో బుద్ధియే లేదు, కాని స్కుర్రిలితాస్ బుద్ధిగల మనస్సునుండి వచ్చునదనియు, వినువారిని నవ్వించుటకై మాటలను ఏరుకొని తెచ్చునదనియు అతడు వ్రాసెను. అనగా బుద్ధిహీనుని మాటకంటె బుద్ధిమంతుని ఎగతాళి ఎక్కువ జవాబుదారీ గలది. జెరోము నోరు కూడ మెత్తనిది కాదని ఇచ్చట చెప్పక తప్పదు. ఒకప్పుడు తనకు ప్రాణస్నేహితుడైన రూఫినుతో వైరము కలిగిన తరువాత, పంది గురగురను తలపించు మారుపేరు పెట్టి అతనిని పిలిచెను, రూఫిను చనిపోయిన తరువాత కూడ మానలేదు. వ్యాఖ్యానము వ్రాయుట ఒకటి, నాలుకను పట్టుకొనుట మరియొకటి.

ఆ కాలముననే మిలాను పట్టణములో అంబ్రోసు అధ్యక్షుడుగా నుండెను (374–397). ఇతడు సిసెరో గ్రంథమును ఎదుట పెట్టుకొని, అదే పేరుతో సంఘసేవకులకు ఒక గ్రంథము వ్రాసెను. హాస్యమును గూర్చిన చోటికి వచ్చునప్పటికి సిసెరో చేయి విడిచిపెట్టెను. లోకస్థులు యోకుస్‌కు నియమములు చెప్పిరి. మనము నియమములు చెప్పుట కాదు, దానిని విడువవలెను. లేఖనములలో కనబడని దానిని మనమెట్లు వాడుదుమని అతని వాదము. నవ్వుచున్న వారికి శ్రమ యని ప్రభువు చెప్పిన మాటను జ్ఞాపకము చేసెను.

అంబ్రోసుయెడల నాకు గల గౌరవము తక్కువ కాదు. అయినను, ఇస్సాకు కిటికీ ఆయనకు జ్ఞాపకము రాలేదా? కర్మెలు కొండమీద బయలు ప్రవక్తలను ఏలీయా అపహసించుట జ్ఞాపకము రాలేదా? అంతకంటె వింత యేమనగా, అదే గ్రంథములో, అదే మొదటి భాగములో, కొన్ని పుటలు దాటిన తరువాత అంబ్రోసే హతసాక్షియైన లారెన్సు సంగతి చెప్పెను. లారెన్సు రోము సంఘములో పరిచారకుడు. క్రీ.శ. 258లో వలేరియను చక్రవర్తి హింసించిన కాలమున, ఆగస్టు 6న సంఘాధ్యక్షుడైన సిక్స్తు చంపబడెను, నాలుగు దినములకు లారెన్సు. సంఘపు ధనమును చూపుమని అధికారులు అడిగినప్పుడు బీదలను సమకూర్చి, ఇదే సంఘపు ధనమని చూపించినవాడు ఇతడే యని అంబ్రోసు వ్రాయుచున్నాడు. ఇనుప పెనముమీద కాల్చబడుచు, ఈ ప్రక్క ఉడికినది, త్రిప్పి తినుమని హింసించువానితో అనెనట. లారెన్సు కత్తివాతనే చంపబడి యుండునని చరిత్రకారులు కొందరు తలంచుచున్నారు. అట్లైనను, హాస్యము వద్దని వ్రాసిన చేయియే ఈ మాటను మెచ్చుకొని వ్రాసెను. దానిని విడిచిపెట్టుటకు అంబ్రోసుకు మనస్సు రాలేదు. స్కుర్రా ఇతరుల దేహమును వడ్డించును. లారెన్సు తన దేహమునే వడ్డించెను.

యోకుస్ సంఘములో తరువాత ఎట్లు బ్రతికెనో త్వరగా చెప్పెదను. 6వ శతాబ్దములో బెనెడిక్టు తన మఠవాసులకు వ్రాసిన నియమావళిలో, ఆరవ అధ్యాయమున, స్కుర్రా మాటలను మఠపు గోడల లోపల ఎన్నడును ఉండనియ్యకూడదని కట్టడి చేసెను. గోడల వెలుపల, వీధులలో పాడుచు ఆడుచు గారడీ చేయుచు తిరుగువారికి యోకుస్‌నుండియే యోకులాతోర్ అను పేరు వచ్చెను. మన పగటివేషగాళ్లవలె ఊరూర తిరిగి, ఊరివారు పెట్టినది తినువారు. సంఘపు పెద్దలు వారిని చాలకాలము చిన్నచూపు చూచిరి. 1225 ప్రాంతమున అస్సీసి ఫ్రాన్సిస్సు, కన్నులు చెడి వెలుగు చూడలేక పడియున్న దినములలో, సృష్టినిబట్టి దేవుని స్తుతించు పాట కట్టి, సహోదరులకు నేర్పి, మీరు ఊరూర పోయి మొదట వాక్యము చెప్పి తరువాత దీనిని పాడుడని చెప్పెను. పాట ముగిసిన తరువాత, మేము ప్రభువుయొక్క యోకులాతోరులము, మీరు నిజముగా పశ్చాత్తాపపడుటే మాకు మీరిచ్చు కూలి అని జనులతో చెప్పవలెననెను. వారితో పంపవలెనని అతడు కోరిన పసిఫికో, సహోదరుడగుటకు ముందు లోకపు పాటలు కట్టుటలో రాజని పేరొందినవాడు. వీధిలోని ఆ హీనమైన పేరును ఫ్రాన్సిస్సు సిగ్గుపడక తనవారికి తొడిగెను.

ఇక నేను మొదట మాటయిచ్చిన సంగతి. అందుకై ఎనిమిది వందల యేండ్లు వెనుకకు, అంబ్రోసు కాలమునకు పోవలెను. 387లో పస్కా రాత్రి అంబ్రోసు మిలానులో ఒకనికి బాప్తిస్మమిచ్చెను. అతని పేరు అగస్టీను. తరువాత అతడు ఆఫ్రికా ఉత్తరతీరమున హిప్పో సంఘమునకు సేవకుడై, 395 ప్రాంతమున అబద్ధమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. ఏది అబద్ధమో ఏది కాదో తూచుటకు ముందు, యోకుస్‌ను ప్రక్కకు తీసి పెట్టెను. నవ్వులాటకు అన్నమాట అబద్ధములలో చేరదు, ఏలయనగా అన్నవాని కంఠస్వరమును, అతని హృదయభావమును అది మోసము కాదని స్పష్టముగా చూపునని అతడు చెప్పెను. పరిపూర్ణులు అట్టి మాటలాడవచ్చునా అనునది వేరు ప్రశ్న యని కూడ చేర్చెను. కంఠస్వరము, హృదయభావము. ఈ రెంటిని అగస్టీను ఊహించి వ్రాసెననుకొనవద్దు. వానిని గూర్చి అతడు చిన్ననాడే నేర్చుకొనియుండెను.

అప్పటికి ఇరువది సంవత్సరములు క్రిందట, తన స్వగ్రామమైన తగాస్తెలో అతడు పాఠములు చెప్పుచుండెను. ఇరువదియొక్క యేండ్లవాడు. అతనికి ఒక స్నేహితుడుండెను. ఇద్దరును ఒకే ఊరిలో పెరిగి, ఒకే బడికి పోయి, కలిసి ఆడుకొనినవారు. అగస్టీను ఆ దినములలో మానీ మతములో చిక్కుకొని, ఆ స్నేహితుని కూడ క్రైస్తవ విశ్వాసమునుండి తప్పించి తన వెంట త్రిప్పుకొనెను. ఇట్లుండగా ఆ యౌవనునికి గొప్ప జ్వరము తగిలెను. ఒడలెరుగక, చావుచెమటలు పట్టి పడియుండెను. బ్రతుకడని తలంచి ఇంటివారు అతనికి తెలియకుండగనే బాప్తిస్మమిప్పించిరి. అగస్టీను దానిని లక్ష్యపెట్టలేదు. ఒడలెరుగనివానికి జరిగినదానికంటె తాను నేర్పినదే నిలుచునని అనుకొనెను.

జ్వరము దిగెను. అగస్టీను మంచము విడువలేదు. స్నేహితుడు మాటలాడగలిగిన వెంటనే, ఆ బాప్తిస్మమును గూర్చి ఒక పరిహాసపు మాట అనెను. తనతోకూడ అతడును నవ్వునని ఎదురుచూచెను. ఇన్ని యేండ్లు ఇద్దరును కలిసి నవ్వినవారే గదా. కాని ఆ రోగి శత్రువును చూచినట్లు అతనిని చూచి వెనుకకు తగ్గెను. నాకు స్నేహితుడవుగా ఉండగోరినయెడల అట్టి మాటలు మానుమని, మునుపెన్నడును లేని ధైర్యముతో చెప్పెను.

అగస్టీను కలవరపడెను. మరుమాట చెప్పవలెనని నోటికి వచ్చినను ఆపుకొనెను. ఇప్పుడు బలహీనుడు, కోలుకొననిమ్ము, అప్పుడు నా యిష్టమువచ్చినట్లు వాదింతును అనుకొనెను. చూడుడి, చదువరులారా, అప్పుడు సహా అతడు క్షమాపణ చెప్పవలెననుకొనలేదు, వాదములో గెలువవలెననియే అనుకొనెను. ఆ మంచముయొద్ద అన్నది నవ్వులాటవలె వినబడినను, దానిలో యోకుస్ లేదు. స్నేహితుని మనస్సును మరల తనవైపునకు లాగుకొనవలెనను తలంపు దానిలో నుండెను. సామెతల గ్రంథము 26వ అధ్యాయములో, పొరుగువానిని మోసపుచ్చి నవ్వులాటకు చేసితినను మనుష్యుడొకడు కనబడును. వానిని కొరవులు విసరు వెఱ్ఱివానితో పోల్చుట ఎందుకో ఇచ్చట తెలియుచున్నది. అన్నవాడు చెప్పుకొనిన పేరునుబట్టి గాక, లోపలనున్న దానినిబట్టి మాట కాల్చును.

కొన్ని దినములకు, అగస్టీను దగ్గర లేని సమయమున, జ్వరము తిరుగబెట్టి ఆ స్నేహితుడు చనిపోయెను.

ఆ తరువాత అగస్టీనుకు ఊరు ఊరుగా కనబడలేదు, తండ్రియిల్లు ఇల్లుగా కనబడలేదు. ఇద్దరును కలిసి తిరిగిన చోట్లన్నిటను అతని కన్నులు ఆ స్నేహితుని వెదకెను. తుదకు తగాస్తె విడిచి కార్తేజి పట్టణమునకు పారిపోయెను. ఈ సంగతియంతయు అతడు 397కు తరువాత వ్రాసిన తన ఒప్పుకోలుల గ్రంథములో, నాలుగవ భాగమున, దేవునితో చెప్పుకొనుచున్నట్లుగా వ్రాసెను. తన పాపములను, తన గర్వమును, చివరకు చిన్ననాడు దొంగిలించిన పండ్లను సహా దాచక వ్రాసిన అగస్టీను, ఆ స్నేహితుని పేరు మాత్రము ఎక్కడను వ్రాయలేదు.